తెల్లటి ఊళ్ళో అయ్య గురుతు

కిటికీ పక్క సీటు నాది, చీటీ మీద రాసే ఉంది, అయినా అందులో మా అయ్య కూర్చుని ఉన్నాడు, నడుముకి కట్టిన బెల్టుని రెండు వేళ్ళతో లాగి చూస్తూ, ఎవరు నేశారో గాని గట్టి తాడే అన్నట్టు తలాడిస్తున్నాడు, తలకి అదే చారల తువ్వాలు, ఒంటి మీద చొక్కా లేదు, మోకాళ్ళ పైకి ఎగ్గట్టిన లుంగీ, పాదాలకి ఇంకా తడి ఇసక. పోయి మూడేళ్ళయిన మనిషి విమానంలోకి ఎలా వచ్చాడని నాకు అనిపించటం లేదు, నా సీటు లాక్కున్నాడని మాత్రం ఒళ్ళు మండుతోంది, బతికుండగా కూడా ఇంట్లో గాలొచ్చే చోటు ఎక్కడుంటే అక్కడ ముందు ఆయనే కూర్చునేవాడు.

"ఒలే రత్నాలూ," అంటున్నాడు అద్దానికి ముక్కు ఆనించి, "ఇటు సూడే. ఏ మారాజు ఊరే ఇది? ఇంత సున్నం ఏ బట్టీలో కాల్చినారే?"

ఆయన భుజం మీదుగా నేను వంగి చూస్తున్నాను. కింద సముద్రం నల్లగా, కదలకుండా ఉంది, ఆ నలుపులోకి చెయ్యి చాచినట్టు పొడవైన నేల, ఆ నేల మీద ఊరు, ఊరంతా తెలుపు. కప్పులు తెల్లగా, రోడ్లు తెల్లగా, రేవులో కట్టేసిన బోట్లు తెల్లగా, వంతెన కమ్ములు కూడా తెల్లగా, మధ్యమధ్య ఎర్ర గోడలూ పసుపు గోడలూ తొంగి చూస్తుంటే, ఇళ్ళ గొట్టాల్లోంచి పొగ నిలువుగా లేస్తుంటే, ఇంత అందమైన ఊరు నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు, చూస్తానని అనుకోనూ లేదు. ఎండు నెత్తళ్ళ గంప నెత్తిన పెట్టుకుని విశాఖపట్నం వీధులన్నీ తిరిగినదాన్ని, నాకు తెలిసిన తెలుపంతా ఉప్పూ సున్నమూ, అవి రెండూ చేతులు కొరికేవే.

"సున్నం కాదయ్యా," అంటున్నాను, "మంచు. ఆకాశంలోంచి పడతాదట, ఎవులూ కొట్టక్కర్లేదట."

"ఓసోస్! ఆకాశం కొడితే ఇంత సమంగా పడతాదేటి? సూడు, ఆ మూల సందు కూడా ఒగ్గీలేదు. ఎవుడో పనోడున్నాడే. గోడలకి సున్నం కొట్టడం నానెరుగుదును గానీ, ఇళ్ళ నెత్తికీ, సెట్లకీ, దార్లకీ కొట్టీసినోణ్ణి ఇయ్యాలే సూసినాను. దొడ్డోడు."

మా అయ్య ఎవరినైనా దొడ్డోడు అన్నాడంటే అది మామూలు మాట కాదు. పాతదిబ్బపాలెంలో ఎల్లాజీ అంటే, తను తప్ప మిగతా జాలరులంతా నీళ్ళ మీద తేలే కొబ్బరి డొక్కలని నమ్మిన మనిషి, ఆ నమ్మకం నిజమని ఊరు కూడా లోపల్లోపల ఒప్పుకున్న మనిషి. అలాంటివాడు ముక్కు అద్దానికి చదునుగా అంటుకుపోయేలా వంగి, పిల్లాడు మిఠాయి కొట్టు చూసినట్టు ఆ ఊరిని చూస్తుంటే, నాకు ఊరు కంటే ఆయన్నే చూడబుద్ధవుతోంది.

మా పాలెం ఎండుచేపల ఆడవాళ్ళ సంఘానికి నేను పెద్దని, నార్వే అనే చలిదేశంలో సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో చేపల పని చేసే ఆడవాళ్ళంతా కూడుతున్నారంటే నన్ను తీసుకెళ్తున్నారు, ఆ సంగతి ఇక్కడ కూడా నాకు స్పష్టంగా తెలుస్తోంది, సంచిలో అట్టపెట్టెలో ఎండు రొయ్యపొట్టు ఉందనీ తెలుస్తోంది. వింతగా తోచనిదల్లా అయ్య పక్కన ఉండటం ఒక్కటే.

"నీళ్ళ రంగు సూడు," అంటున్నాడు. "ఒడ్డు దాకా నలుపే. అంటే ఒడ్డు దాకా లోతే. కెరటం లేదే గుంటా, కెరటం లేదు! బోటు ఇంటి గుమ్మంలో కట్టుకుని, అన్నం తిని, సెయ్యి కడుక్కుని ఎక్కీడమే. మనం మూడు కెరటాలు దాటీసరికి సగం పేనం పోతాది."

"సలికి మిగతా సగం పోతాదయ్యా ఇక్కడ."

"పోనీ. సేపకి సలుంటేనే కొవ్వుంటాది." మళ్ళీ అద్దం వైపు తిరిగి, వేలితో ఒకచోట పొడుస్తున్నాడు. "అదిగో, ఆ సూదిలాటి కప్పు ఉన్నాది సూడు. దానెనకాల కొండకి సీలిక. ఆ రెండూ ఒకదాని మీద ఒకటి వచ్చీ గీత ఎంటబడి సంద్రంలోకి ఎల్లు. ఎల్లినావా? ఇప్పుడు ఎడమేపు సూడు, వంతెన మొదలు, దానెనకాల ఆ గుండ్రటి గుట్ట. అవి రెండూ కలిసీ చోట ఆగు. ఆడుంటాది సేప."

నేను ఆయన వేలు వెంట చూపు నడిపించుకుంటూ వెళ్తున్నాను, నల్ల నీళ్ళ మీద ఆగాల్సిన చోట ఆగుతున్నాను, అక్కడ నిజంగానే ఆవగింజంత బోటు ఒకటి ఆగి ఉంది, అందులో ఒక మనిషి వంగి తాడు లాగుతున్నాడు. ఎన్నడూ రాని దేశంలో, పేరు తెలియని ఊళ్ళో, చచ్చిపోయాక కూడా చేప ఎక్కడుందో చెప్పగలిగిన ఈ మనిషి మా అయ్య అని నాకు ఎంత గర్వంగా ఉందంటే, విమానంలో నిద్రపోతున్న వాళ్ళనందరినీ లేపి చూపించాలని ఉంది.

సముద్రం మీద దారులుండవు, వీధి పేర్లుండవు. ఒడ్డు మీద దగ్గరగా ఒక వస్తువు, దూరంగా దాని వెనక ఇంకొక వస్తువు, రెండూ వరసలోకి వస్తే ఒక గీత దొరుకుతుంది, పక్కకి తిరిగి చూస్తే అలాంటి జత ఇంకొకటి, రెండు గీతలూ కలిసిన చోట నీళ్ళ కింద రాతిబండ ఉంటుంది, బండ దగ్గర చేప ఉంటుంది. వీటినే మేము గురుతులంటాం. ఈ గురుతుల్ని ఒడ్డు మీద నోటితో చెప్పకూడదు, చెబితే బండ చేపని వదిలేస్తుందని మావాళ్ళ నమ్మకం, బోటులో కూర్చోబెట్టి, చూపించి, కొడుక్కి మాత్రమే ఇవ్వాలి. ఆడమనిషి బోటు ఎక్కకూడదు కాబట్టి ఆ మాట ఆడమనిషి చెవిన పడే దారే లేదు.

మా అయ్య బండ చేపలు అంటే పట్నంలో గిరాకీ. కోనాంలు, ఎరుపు చూస్తేనే నోరూరే గులివిందలు. ఆయన తేని రోజు కూడా నేను ఎల్లాజీ బండ చేపలేనని చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకున్నాను, దాచడం దేనికి. ఆ బండ ఇప్పుడు లేదు. అంటే సముద్రంలో ఉంది, మాకు దొరకడం లేదు. మా తమ్ముడు ధనరాజుకి అయ్య ఒక జత గురుతులు చూపించాడు, మెడకొండ నొక్కు మీదికి దీపస్తంభం రావాలని. రెండో జత చూపించే లోపల వాడు ఎక్కువ సంపాదిస్తానని పడమటి తీరంలో పెద్ద ట్రాలరు మీద పనికి పోయాడు, కుడిచేతి వేళ్ళు రెండు తాడు చుట్టే యంత్రానికి ఇచ్చి వచ్చాడు, వచ్చేసరికి అయ్యకి నోరు పడిపోయింది. మూడేళ్ళుగా వాడు ఆ ఒక్క గీత మీద పైకీ కిందకీ తిరుగుతూ రాయి కట్టిన తాడు దింపుతున్నాడు, రాయికి ఇసకే అంటుకుని వస్తోంది. ఇక విసిగిపోయాడు. నన్ను విమానాశ్రయంలో దింపినప్పుడు, నా కళ్ళలోకి చూడకుండా, "నువ్వొచ్చీసరికి బోటు ఉండదక్కా. గురువారం కొనుక్కునీవోళ్ళు వత్తన్నారు. నాను మల్లీ ట్రాలరు మీదికే ఎల్లిపోతాను," అన్నాడు. మిగిలిన ఎనిమిది వేళ్ళతో నా సంచి అందించాడు.

ఇదంతా నేను నోటితో చెబుతున్నానో, అయ్యకి దానంతటదే తెలిసిపోతోందో అర్థం కావడం లేదు, ఆయన కిటికీ వైపే చూస్తూ ఊఁ కొడుతున్నాడు.

"ఆ రెండో జత ఏటయ్యా?" అంటున్నాను.

"ఒడ్డున సెప్పకూడదే."

"మనం ఒడ్డున లేం."

"ఆడోళ్ళకి సెప్పకూడదే."

"ఆడోళ్ళు బోటు ఎక్కకూడదన్నావు, ఎక్కలేదు. విమానం ఎక్కకూడదని నువ్వెప్పుడూ అనలేదు. బండి నాది, సీటు నాది, నువ్వే నా సీట్లో కూకున్నావు. సెప్పు."

అయ్య తిరిగి నా వైపు చూస్తున్నాడు, పళ్ళు లేని చోట నాలుక పెట్టి తిప్పుతూ. తర్వాత పొట్ట కదిలేలా నవ్వుతున్నాడు. "నీ నోటికి జవాబు సెప్పలేకే నీ మొగుడు అరుగు మీద పడుకుంటన్నాడు," అంటున్నాడు, "సర్లే, సూడు."

సూడు అన్నంతలో కింది ఊరు జరుగుతోంది, ఎవరో చాప లాగినట్టు మెల్లగా జరిగి, వంతెన ఉన్న చోటికి మా రేవు వస్తోంది, గుండ్రటి గుట్ట ఉన్న చోటికి మెడకొండ వస్తోంది, ఓడలకి సరుకెత్తే క్రేనుల భుజాల మీద మంచు, బీచి రోడ్డు మీద మంచు, మొక్కజొన్న పొత్తుల బండి మీద మంచు, మా పాలెంలో ఆరేసిన వలల మీద ఒక్కొక్క కన్నులో ఒక్కొక్క తెల్ల చుక్క. ఎండుచేపల చాపల మీద కూడా మంచే, అయినా నాకు సరుకు పాడైందని దిగులు లేదు, మా ఊరు ఇంత అందంగా ఉంటుందని నాకు ఇన్నాళ్ళు ఎవరూ ఎందుకు చెప్పలేదా అని మాత్రం ఉంది. విమానం రెక్క కిందికి వాలి నీళ్ళని తాకుతోంది, నా కాళ్ళ కింద నేల తడిగా ఉంది, సీట్లు దుంగలై తాళ్ళతో బిగించి ఉన్నాయి, మేము తెప్ప మీద ఉన్నాం, నలభై ఆరేళ్ళ నా బతుకులో మొదటిసారి నేను మా అయ్య తెప్ప మీద ఉన్నాను, నన్నెవరూ దిగమనడం లేదు.

"అదిగో మెడకొండ నొక్కు," అంటున్నాడు. "దాని మీదికి దీపస్తంభం. వచ్చిందా?"

"వచ్చింది."

"అది నీ తమ్ముడికి తెలుసు. ఇప్పుడిటు తిరుగు. ఎర్రదిబ్బ మీద ఒంటితాడి కనబడతందా?"

"కనబడతంది. నెత్తిన మంచెట్టుకుని ఉంది."

"ఆఁ. దాని కింద…" అని ఆగిపోయాడు.

కళ్ళు చికిలించి చూస్తున్నాడు. తువ్వాలు తీసి అద్దం తుడుస్తున్నాడు, తెప్ప మీద అద్దం ఎక్కడిదో, ఉంది, తుడుస్తున్నాడు. మా పాలెం ఇళ్ళన్నీ తెల్లగా వరసగా నిలబడి ఉన్నాయి, ఏది ఎవరి ఇల్లో తెలియకుండా.

"కనబడ్డం లేదే," అంటున్నాడు. ఆ గొంతులో భయం నేను ఎప్పుడూ వినలేదు, తుపానులో రెండు రాత్రులు సముద్రంలో ఉండి వచ్చినప్పుడు కూడా వినలేదు. "అంతా తెలుపైపోతే నాదేదే? ఊరంతా కొట్టీసినారే. నాదొక్కటే ఉండాలి కదే."

ఏది అయ్యా, నీదేది, అని నేను అడుగుతున్నాను, ఆయనకి మాట రావడం లేదు, మంచంలో ఉన్నప్పటిలాగే నోరు ఒక పక్కకి వెళ్ళిపోయింది, ఎడమచెయ్యి లేచింది, పైకీ కిందకీ, పైకీ కిందకీ, అద్దం మీద ఆడుతోంది. ఆ చెయ్యి నాకు తెలుసు. నాలుగు నెలలు ఆ చేతిని చూశాను. ఉక్కపోస్తోందన్నమాట, గాలి కావాలన్నమాట. ముందు సీటు సంచిలో అట్ట ఒకటి ఉంటే లాక్కుని, నేను మా అయ్యకి విసరడం మొదలుపెడుతున్నాను, చుట్టూ మంచు పడుతుంటే, ఊపిరి పొగై బయటికొస్తుంటే, చెమటలు పట్టేలా విసురుతున్నాను.

అయ్య నా వైపు తిరిగాడు. నోరు చక్కబడింది. తెప్ప ఊగిపోయేలా నవ్వుతున్నాడు.

"మల్లీ ఇసురుతున్నావేటే! ఓసి నీ ఇసురు తగలెయ్య, ఇంత సలిలో కూడా ఇసురుతావేటే!"

"మరి నీకు గాలి—"

"గాలి ఎవులడిగేరే?" చెయ్యి మళ్ళీ పైకీ కిందకీ ఆడిస్తున్నాడు, ఈసారి నెమ్మదిగా, పిడికిట్లో ఏదో పట్టుకున్నట్టు. "ఇది ఇసనకర్రేటి? సరీగ్గా సూడు. ఏటిది?"

నేను చూస్తున్నాను. పిడికిలి బిగువు, మణికట్టు వంపు, పైకి వెళ్ళేటప్పుడు నెమ్మది, కిందికి వచ్చేటప్పుడు బరువు. అది నా చెయ్యే. తాటిమట్ట చివర చితగ్గొట్టి కట్టిన కుంచె పట్టుకున్న నా చెయ్యి, అమ్మ పోయిన ఏడు, నా పన్నెండో ఏట మొదలుపెట్టి, పెళ్ళై పక్కవీధికి వెళ్ళాక కూడా మానకుండా, ఏటా వానలు వెళ్ళగానే మా పుట్టింటి గోడకి గుల్లసున్నం కొట్టిన నా చెయ్యి. నాలుగు గోడలకీ కాదు. సముద్రం వైపు గోడ ఒక్కదానికే. మిగతా మూడూ పెచ్చులూడినా ఆయనకి పట్టేది కాదు, ఆ ఒక్క గోడ దగ్గర మాత్రం వెనకాల నిలబడి, ఇక్కడ పల్చనైంది, అక్కడ మరక ఉంది అని ప్రాణం తీసేవాడు, ఇరుగుపొరుగు సున్నంలో నీలిమందు చిటికెడు కలుపుతారు కదా అని నేనూ కలిపితే ఆ కుండ తన్నేశాడు. వీధి వైపు గోడకి కొడితే నలుగురూ చూస్తారు గాని, సముద్రం వైపు గోడ ఎవరు చూడొచ్చారని నేను పోట్లాడేదాన్ని.

ఇప్పుడు తెలుస్తోంది ఎవరు చూశారో.

"అయ్యా," అంటున్నాను. "ఆ గోడేనా?"

"మరేటి. నెత్తిన ఒంటితాడి, కింద నీ గోడ. సంద్రంలోకి ఎంత దూరం ఎల్లు, ఎండలో ఎలిగిపోతా ఉంటాది. పాలెం మొత్తం మీద అలాటి తెలుపు ఇంకోటి లేదు. ఇరవై తొమ్మిదేళ్ళు ఆ గోడ సూసుకునే రాయి దింపినాను."

ఆ గోడకి నీలం రంగు వేయించింది నేనే. అయ్య ఆసుపత్రిలో ఉన్న ఇరవై రోజుల్లోనే, తమ్ముడి పెళ్ళి కుదిరింది కదా, ఇల్లు కళగా ఉండాలి కదా అని, రంగుల కొట్టుకి వెళ్ళి అట్ట మీద రంగులన్నీ చూసి, సముద్రం వైపు గోడకి సముద్రం రంగే బాగుంటుందని ఎంచి మరీ వేయించాను. ఆటోలోంచి దింపగానే అయ్య ఆ గోడని చూశాడు, చూస్తూనే చెయ్యెత్తి పైకీ కిందకీ ఆడించాడు, పాపం ప్రయాణానికి ఉక్కిరిబిక్కిరైపోయాడని నేను విసనకర్ర అందుకున్నాను. రోజూ ఆ చెయ్యి లేచేది, రోజూ నేను విసిరేదాన్ని. ఆయన కళ్ళమ్మట నీళ్ళు కారితే, నా సేవకి ఆనందబాష్పాలని నలుగురికీ చెప్పుకున్నాను.

"నువ్వు సెబుతానే ఉన్నావు," అంటున్నాను, ఏడుపు ఆగడం లేదు, "నాలుగు నెలలు సెబుతానే ఉన్నావు. నానే గొడ్డులాగ ఇసురుకుంటా కూకున్నాను. నా మూలంగానే బండ పోయింది. నా మూలంగానే గుంటడు ధనరాజు బోటు అమ్ముకుంటన్నాడు."

"ఊరుకోయే," అంటున్నాడు. తువ్వాలుతో నా మొహం తుడుస్తున్నాడు, ఉప్పు వాసన, బీడీ వాసన. "మొదట్లో కోపమే. కదల్లేక గానీ, లేస్తే ఆ ఇసనకర్ర నీ నెత్తినే ఇరగ్గొడుదును. ఆ నీలం రంగు మాత్రం, సీ, సంద్రానికి సంద్రం రంగేటే, ఎవులైనా ఏత్తారేటే? నెల్లాళ్ళు తిట్టుకున్నాను. తరవాత సెయ్యెత్తితే నువ్వు వత్తావని తెలిసింది. ఏ పనిలో ఉన్నా ఒదిలీసి, ఎండుసేపలు కాకులకి ఒదిలీసి, వచ్చీదానివి. ఇంక గోడ కోసం ఎత్తడం మానీసినాను. నీ కోసం ఎత్తినాను. గాలి సల్లగానే ఉండీదే, గుంటా. బాగుండీది."

నేను ఆయన చెయ్యి పట్టుకుని ఉన్నాను. మంచు పడుతూనే ఉంది, చప్పుడు లేకుండా, తెప్ప మీదా ఆయన భుజాల మీదా, ఆయన దులుపుకోవడం లేదు, ఇష్టంగా చూసుకుంటున్నాడు. ఇంత తెలివైన మనిషి, ఇంత మంకు మనిషి, ఒక ఆడపిల్ల చేత కొట్టించిన సున్నం గోడని నమ్ముకుని నడిసముద్రంలో ఇరవై తొమ్మిదేళ్ళు తిరిగి ఇల్లు చేరిన మనిషి, ఈయన కడుపున పుట్టడం చాలు అనిపిస్తోంది, అనిపించడమే కాదు, పైకే అనేస్తున్నాను.

"సాల్లే, పొగడకు," అంటున్నాడు గాని ముఖం వెలిగిపోతోంది. "నువ్వు ఇదంతా నీ బుర్రలోంచే తీసుకుంటన్నావేమో, నాకేటి తెలుసు. నాను సచ్చినోణ్ణి. నువ్వే సూసుకో, గోడ నీదే కదా."

లేచి నిలబడుతున్నాడు. తెప్ప మళ్ళీ విమానమైపోతోంది, కింద మా పాలెం తప్పుకుని ఆ పరాయి ఊరు తన చోటికి తాను వచ్చేస్తోంది, సూదికప్పు, వంతెన, నిలువు పొగ. ఆవగింజంత బోటు ఇంకా అక్కడే ఉంది.

"ఆడికి సాయం ఎల్తాను," అంటున్నాడు అయ్య. "సూడు, ఒక్కడే లాగలేకపోతన్నాడు. పెద్ద సేపే పడినట్టుంది. ఈళ్ళు సేపని ఎలా ఎండబెడతారో కూడా అడిగొత్తాను, నీకు పనికొత్తాది."

తువ్వాలు తలకి చుట్టుకుంటూ సీట్ల మధ్య నడిచి వెళ్తున్నాడు, నిద్రపోతున్న వాళ్ళ మోకాళ్ళకి తగలకుండా ఒద్దికగా పక్కకి తిరిగి మరీ నడుస్తున్నాడు, తలుపు దాకా వెళ్ళాడు. నాకు పిలవాలని ఉంది, ఇంకా అడగాల్సినవి ఉన్నాయి, అమ్మ కనిపించిందా అని ఒక్కటైనా అడగాలి. కాని వేటకి వెళ్ళే మనిషిని వెనక నుంచి పిలవకూడదు, చిన్నప్పటి నుంచీ గొంతులో కుట్టేసిన మాట అది. రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చున్నాను.

"పిన్నిగారూ, బెల్టు పెట్టుకోండి, దిగిపోతున్నాం."

మాకు దుబాసీగా వస్తున్న అమ్మాయి నా భుజం కుదిపింది. కళ్ళు తెరిచాను. కిటికీ పక్క సీట్లో నేనే ఉన్నాను, నా రెండు చేతులూ నోటి మీదే ఉన్నాయి, బుగ్గలు తడిసిపోయి ఉన్నాయి. కింద నిజంగానే సముద్రం, నిజంగానే మంచు కప్పిన ఊరు, పట్టపగలైనా పొద్దు దిగిపోతున్నట్టు వాలుగా ఎండ. కలలోని సూదికప్పు లేదు, వంతెన లేదు, కలలోకంటే ఊరు చిన్నది. అందం మాత్రం తక్కువ కాదు, ఆ అమ్మాయి కూడా ఫోను పట్టుకుని నా మీదుగా ఒంగి, అబ్బ, అబ్బ అంటూ ఫొటోలు తీస్తోంది.

విమానం ఒక పక్కకి ఒరిగినప్పుడు చూశాను. ఊరి చివర, నీళ్ళలోకి దిగే రాతికొండ వాలు మీద, ఇల్లూ వాకిలీ ఏమీ లేని చోట, పెద్ద నల్లటి చదరం. రాతి మీదే తారు లాంటిదేదో పూశారు, దాని మీద మంచు నిలవకుండా ఎవరో తుడిచినట్టున్నారు కూడా. ఊరి వైపు నుంచి చూసేవాళ్ళకి అది కనపడదు. అంత తెలుపులో ఆ ఒక్క నలుపు సముద్రం వైపే తిరిగి ఉంది.

దిగి లోపలికి వచ్చాక ఆ అమ్మాయి చేత ఫోను కలిపించుకున్నాను. నేను కలల్ని నమ్మే మనిషిని కాదు, సంఘంలో ఎవరైనా కల చెప్పబోతే చేపలు తిరగెయ్యండమ్మా అని కసిరేదాన్ని. కాని కుంచె నాది, కుండ తన్నిన కాలు అయ్యది, ఇవి కలలో పుట్టినవి కావు. ధనరాజు ఎత్తాడు, వెనకాల కెరటాల హోరు.

"తమ్ముడూ, బోటు అమ్మకు."

"మల్లీ మొదలెట్టినావా అక్కా? గురువారం ఆలొత్తారని సెప్పినాను కదా. మాటిచ్చీసినాను."

"సంద్రం వేపు గోడకి సున్నం కొట్టు. ఆ నీలం మచ్చుకి కూడా కనపడకూడదు. రెండో గురుతు ఆ గోడే. నెత్తిన ఒంటితాడి, కింద మన గోడ."

ఇసకలో అడుగుల చప్పుడు వినిపించింది. వాడు తిరిగి దిబ్బ వైపు చూస్తున్నాడని నాకు తెలుసు.

"నీకెవులు సెప్పినారు?" అన్నాడు.

"అయ్యే. మంచంలో ఉన్నప్పుడే సెప్పినాడు. నాకు ఇయ్యాల అర్థమైంది."

వాడు నవ్వలేదు.

"అక్కా, నన్ను బండ మీదికి తీసికెల్లింది మూడుసార్లే. మూడుసార్లూ రాయి దింపీ ముందు అయ్య ఒడ్డు కేసి సూసి నీ పేరనీవోడు. రత్నాలు వచ్చింది, దింపరా అనీవోడు. ఎందుకంటన్నాడో నాకు తెల్దు. పెళ్ళి సేసి పంపీసినాడు కదా, నీ మీద బెంగ అనుకున్నాను."

చుట్టూ జనం పెట్టెలు లాక్కుంటూ వెళ్ళిపోతున్నారు, ఆ అమ్మాయి ఏమైందని సైగ చేస్తోంది, బోటు కాలితో తాకడానికి కూడా వీల్లేదన్న మనిషి నా పేరు చెప్పకుండా రాయి దింపలేదని ఆమెకి ఏ భాషలో చెప్పను.

"అక్కా, ఉన్నావా?" అన్నాడు వాడు. "సున్నం ఆరడానికి ఎంతసేపు పడతాది?"

"ఎండుంటే ఒక పూట," అన్నాను. "ఆడ నీకింకా గంట పొద్దుంది కదరా, ఇప్పుడే మొదలెట్టు."